ముందు గది మీది ఆకు

ఇల్లందు,
22 మార్చి 2004

అక్కా, నీకూ బావకూ మా ఇద్దరి వందనాలు.

రాత్రి గనిలో డ్యూటీ చేసి పగలు నిద్రపోయే నాకు ఎండాకాలం ఎంత కష్టమో నీకు తెలుసు. నువ్వు చెప్పినట్టే స్లాబు మీద జానెడు మట్టి పోసి, నువ్విచ్చిన తీగబచ్చలి కాడలు నాటాను. తీగ కమ్ముకున్నాక ఇల్లంతా చల్లబడింది. అది మట్టి వల్లేననుకున్నాను.

మొన్న ఆదివారం చర్చిలో ప్రేమవిందు. పప్పులోకని నీ మరదలు మహిమ పడకగది మీది ఆకంతా కోసుకుపోయింది. మట్టి అట్లాగే ఉంది, నీళ్లూ పోశాను. అయినా మధ్యాహ్నం పడుకుంటే ఒళ్లు ఉడికిపోయింది.

మహిమను అడిగితే, "ఆకుకేమైతది, మల్ల వస్తది గదా" అంది.

"అప్పటిదాంక నన్ను యాడ పండుకోమంటవ్?" అన్నాను.

నవ్వి, మంచాన్ని ముందు గదిలోకి జరిపింది. ఆ గది మీద ఆకు ఇంకా ఉంది. హాయిగా నిద్రపట్టింది.

ఈస్టర్‌కు వస్తే నువ్వు బచ్చలి పప్పే అడుగుతావు. అందుకే వానలు పడ్డాక రమ్మని రాయడానికి కూర్చున్నాను. చెయ్యి రావడం లేదక్కా. ఈస్టర్‌కే రా. మిగిలిన ఆకు కూడా కోయిస్తాను. నువ్వుంటే ముచ్చట్లతో నాకు ఎట్లాగూ నిద్రుండదు.

నీ తమ్ముడు