బొట్టు పెట్టని పిలుపు

రెజిమెంటల్ బజార్, సికింద్రాబాద్,
ఆదివారం.

శ్రీవారికి విజయమ్మ నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నామనే రాస్తున్నాను. ఉత్తరం చివరిదాకా చదివాక ఆ మాట ఎంత నిజమో మీరే తేల్చుకోండి. నాగపూర్‌లో మీ గదిలో నలుగురుంటారు, మీ ఫోనేమో ఎప్పుడూ స్పీకర్‌లోనే. అందుకే ఈ కాగితం.

మొన్న ఫోన్‌లో మీరు అత్తమ్మ మోకాళ్ల నొప్పి గురించి అడిగారు, తగ్గింది. మేడగోడ చెమ్మ అడిగారు, ఆరలేదు. మీ తమ్ముడి భార్య కల్పలత పెట్టించిన క్యాంపు ఎట్లా జరిగిందని మాత్రం మూడుసార్లు అడిగారు. నా ఒంట్లో ఎట్లా ఉందని ఒక్కసారి అడిగితే ఏం పోయేది?

బాగానే జరిగింది లెండి. బస్తీ దవాఖానాలో ఆడవాళ్లకు గర్భసంచి మూతి క్యాన్సర్ పరీక్ష అని కాగితాలు పంచితే ఒక్కరూ కదలలేదట. అప్పుడు మీ మరదలు కుంకుమ భరిణె పట్టుకుని, పేరంటానికి పిలిచినట్టు ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలిచింది. ఇక రాకుంటే మర్యాద కాదని నలభై మంది వెళ్లారు. ఎదురింటి శేషారత్నం గారైతే "కాస్త సిగ్గేసింది గానీ, అయిదు నిమిషాల పనేనమ్మా" అని గల్లీ అంతా చెప్పుకొచ్చారు. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా కల్పలత పేరే. ఇరవై ఆరేళ్లుగా ఈ ఇంటి పెద్దకోడలిని, నన్నెవరూ అట్లా పొగిడిన పాపాన పోలేదు. నాకు కుళ్లుగానే ఉంది, దాచేదేముంది.

నలభై మందికి బొట్టు పెట్టిన మనిషి మేడమీదున్న నాకు పెట్టలేదు. మంచి చీర కట్టుకుని ఎదురుచూశాను. కింద నుంచి "అక్కా, వస్తున్నవా?" అని ఒక్క కేక వేసింది. ఒళ్లు మండిపోయి, నాకు పెద్దాసుపత్రిలో ఆ పరీక్ష ఎప్పుడో అయిందన్నాను. మీకూ అదే చెప్పాను.

అది అబద్ధమండీ. నాకు ఏ పరీక్షా జరగలేదు. నెలసరి ఆగి రెండేళ్లయింది కదా, దసరా నుంచి మళ్లీ మరకలు కనిపిస్తున్నాయి. అది తెలిసి కూడా పంతానికి పోయాను.

నిన్న బట్టలు ఆరేస్తూ కల్పలత నా లంగా మీది మరక చూసింది.

"గిదెప్పటి సంది అక్కా? పరీక్ష అయిందంటివి గదా."

"నువ్వు నాకు బొట్టు పెట్టలేదు గదా" అన్నాను. అన్నాక సిగ్గేసింది.

తను అక్కడే కూలబడింది. "ఇంటోళ్లకు ఎవరన్న బొట్టు పెడ్తరా అక్కా? బయటోళ్లను గదా అట్ల పిలిచేది" అని ఏడ్చింది. ఏడ్చినా దాని ముఖం కళగానే ఉంది. నాకు ముందు ఆ మాటే తోచింది చూడండి.

రేపు పరీక్షకు తనే తీసుకుపోతానంది. ఏం తేలుతుందోనని నాకు చాలా భయంగా ఉంది. మీరు సెలవు పెట్టి రండి. వచ్చాక ముందు నన్ను పలకరించండి, తరువాతే కల్పలతను.

ఇది రాస్తుండగానే భరిణె పట్టుకుని మేడెక్కి వచ్చింది. వేలు కుంకుమలో ముంచబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఇంటిదాన్ని, నాకు బొట్టెందుకు? పొద్దున కింద నుంచి కేకెయ్యి, వస్త" అన్నాను.

ఇట్లు,
మీ భార్య,
విజయమ్మ