పెనుకొండ గదిలో మనం తెరిచిన చీరల అంగడి

రమణా,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్లు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ధర్మవరం వెళ్లాను.

మగ్గం మీది చీరను ఫోటో తీసి నెట్‌లో పెడితే కొనేవాళ్లు నేరుగా నేతగాళ్లతోనే మాట్లాడుకుంటారని, హిందూపురంలో ఉద్యోగం మానేసి నువ్వు పెనుకొండలో గది తీసుకున్నావు. నన్నూ లాక్కొచ్చావు. అప్పట్లో ఒక్క ఫోటో తెరుచుకునేలోపు మనం టీ తాగి వచ్చేవాళ్లం. కొనేవాళ్లు రాలేదు. రెండేళ్లకు కంప్యూటర్లు అమ్మేసి గది ఖాళీ చేశాం. ఆ తర్వాత నువ్వు ఆ మాటే ఎత్తలేదు.

మనం మొదట ఫోటో తీసింది ధర్మవరంలో మగ్గం నేసే ఓబుళమ్మ చీరనే. "చేత్తో పట్టి చూడకుండా చీర ఎవరు కొంటారప్పా?" అని నవ్విందామె. ఈ రోజు మగ్గం పక్కన ఫోను నిలబెట్టుకుని, ఎక్కడో ఉన్న ఆడవాళ్లకు కొంగు తిప్పి చూపిస్తోంది. నాకు కోపం రాలేదు, సంతోషమూ కలగలేదు. కాసేపు కూర్చోవాలనిపించింది.

బేరం ముగిశాక నన్ను గుర్తుపట్టింది.

"నీ జతగాడు యాడుండాడప్పా? ఆయప్ప చెప్పినప్పుడు నవ్వితిమి. ఇప్పుడు దీని మీదే బతుకుతాండాము."

నువ్వు లేవని చెప్పే ఓపిక లేకపోయింది. "హిందూపురంలోనే ఉండాడక్కా" అన్నాను.

"ఒకసారి పిల్చుకొని రా. ఆయప్పకు ఒక మాట చెప్పాల."

"నాకు చెప్పక్కా, నేను చెప్తా."

ఆమె చీర కొంగు మడత పెట్టింది.

"ఆయప్ప చెప్పిందే నిజమాయెనని చెప్పు" అంది.

చెప్తానని మాటిచ్చి బస్సెక్కాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.