నాన్న పాత ప్యాంటు

బుజ్జీ,

నర్సు ట్రైనింగులో నిద్ర చాలడం లేదని రాశావు, తిండైనా వేళకు తిను. ఇక్కడ మబ్బు పడితే చాలు, అందరి కళ్లూ ఏటి మీదే. ఎప్పుడో ఒకప్పుడు వచ్చే వరద ఇప్పుడు ఏటేటా పిలవని చుట్టంలా వచ్చి పడుతోంది. పోయినేడు కొట్టుకుపోయినవాళ్లంతా ఆడవాళ్లే కదా. అయినా మొన్న మండలాఫీసువాళ్లు ఈత నేర్పడానికి వచ్చి మగవాళ్లనే పిలిచారు. నేనూ నేర్చుకుంటానంటే మీ నాన్న నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. "ఇల్లు చూసుకోవే అంటే ఏరు ఈదుతానంటుంది" అంది.

చేపలమ్మే అక్క నేర్పుతానంది. మగవాళ్లు పనికి పోయాక కాలవలో దిగుతున్నాం. కట్టుకున్న బట్ట కాళ్లకు చుట్టుకుని నిన్న నీళ్లు మింగాను. నాన్నకు చెప్పకు.

ప్రేమతో,
అమ్మ

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం గదిలో అమ్మాయిలందరికీ చదివాను. వాళ్ల అన్నదమ్ములందరికీ ఈత వచ్చు, మాలో ఒక్కదానికీ రాదు. ఆ బట్టలతో మాత్రం దిగకు, నాకు భయం. ఊరందరికీ ప్యాంట్లు కుట్టే నాన్న ఇంట్లో నీకొక పాత ప్యాంటు దొరకదా?

నీ కూతురు

బుజ్జీ,

దొరికింది. మోకాలి దగ్గర మాసిక వేసిన బూడిదరంగుది. నడుముకు తాడు బిగించాను. ఇప్పుడు అవతలి గట్టు తాకి వస్తున్నాను. మీ నాన్న దానికోసం ఇల్లు పీకి పందిరి వేస్తున్నారు. పాపం, నేనూ ఆయనతో కలిసి వెతుకుతున్నాను.

అమ్మ

అమ్మా,

ఏరు పొంగిందని రేడియోలో చెప్పారు. ఫోన్లు కలవడం లేదు. ఒక్క ముక్క రాయి. ఈత వచ్చు కదా అని నీళ్లకు ఎదురెళ్లకు.

నీ బుజ్జి

అమ్మలూ,

దస్తూరీ చూసి కంగారుపడకు. మీ అమ్మ క్షేమం.

ఆ రోజు కుట్టిన బట్టలు ఇవ్వడానికి పక్క ఊరు వెళ్లాను. తిరిగొచ్చేసరికి మన వీధి నీళ్లలో ఉంది. ఇంట్లో అమ్మ, నాయనమ్మ ఇద్దరే. నేను దిగబోతే నలుగురు పట్టుకుని ఆపారు. అంతలో, ఖాళీ డబ్బా కావలించుకున్న నాయనమ్మను లాక్కుంటూ ఎవరో ఈదుకొస్తున్నారు. ఒడ్డున లేచి నిలబడితే ముందు నా ప్యాంటును గుర్తుపట్టాను, తరవాత మీ అమ్మను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

నాయనమ్మ ఇప్పుడు ఏ మాటైనా "మా కోడలు" అనే మొదలుపెడుతోంది. అమ్మ పొద్దున్నే ఆడపిల్లల్ని వెంటేసుకుని కాలవకు పోతోంది, అందుకే ఉత్తరం నా వంతుకొచ్చింది. నేను మిషను బురద కడిగి వాళ్లందరికీ ప్యాంట్లు కుడుతున్నాను. నిన్న అమ్మ వాటిని మడతపెడుతూ, "మరి మన పిల్లకో?" అంది.

సెలవులకు వచ్చేలోపు నీ కొలతలు రాసి పంపు.

నాన్న