తోడికోడలి పొగలేని పొయ్యి

ఇంకొల్లు,
1984.

అక్కయ్యకు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం.

మా తోడికోడలు కోటేశ్వరమ్మ పెరట్లో గవర్నమెంటు సబ్సిడీతో గోబర్ గ్యాసు తొట్టి కట్టారు. పేడతోనే పొయ్యి వెలుగుతుంది, పొగ రాదు. ఊరంతా చూసిపోతున్నారు. నేను పత్తికట్టె పొగలో కళ్ళు తుడుచుకుంటున్నాను. మాకు గేదెలు రెండే ఉన్నాయని, అవి చాలవని ఆఫీసరు కాదన్నాడు.

నిన్న ఆవిడే వచ్చి, "మీ పేడ కూడా మా తొట్టిలోనే వెయ్యి. గొట్టం మీ వంటింటిదాకా లాగిద్దాం" అంది. మీ మరిది సరేనన్నారు. ఆవిడ అంత మంచిగా అడిగేసరికి నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఆవిడ దయతో వెలిగే పొయ్యి నాకొద్దు.

సోమవారం ఆఫీసరు మళ్ళీ వస్తున్నాడు. మీ గేదెలు రెండు మా ఇంటికి తోలించు. పుట్టింటివాళ్ళు పెట్టారని చెబుతాను. అక్కడ బావగారికి అసలు సంగతి తెలియనీయకు.

నా పొయ్యి వెలిగాక, మొదటి కాఫీ కోటేశ్వరమ్మక్కనే పిలిచి ఇస్తాను.

నీ చెల్లెలు