చోక్ సగం, దెబ్బ ఒకటి

మహారాజశ్రీ మావయ్యా, నువ్వు పోయి ఏడాది తిరక్కుండానే నీ రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారును అమ్మకానికి పెట్టిన మహాపరాధానికి సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

పేపర్లో ప్రకటన వేద్దామన్నాను నేను. సినిమావాళ్లకు చూపిద్దామన్నాడు నీ డ్రైవర్ సూరిబాబు. అత్తయ్య మాత్రం కొనేవాళ్లనే ఇంటికి రప్పిద్దామంది. ఇవాళ రాజమండ్రి నుంచి ఒకాయన వచ్చాడు. కారు స్టార్ట్ కాలేదు.

చోక్ సగం లాగి డాష్‌బోర్డు మీద ఒక్క దెబ్బ వేస్తే కదులుతుందన్న రహస్యం నాకొక్కడికే కదా చెప్పావు? నేను లేచేలోపే సూరిబాబు ఆ దెబ్బ వేశాడు. తర్వాత పక్కింటి నర్సరీ వెంకన్నగారూ వేశారు. అయినా కారు కదల్లేదు.

“నీకెవరు చెప్పారు సూరిబాబూ?”

“అయ్యగారేనండి. నీకొక్కడికే చెప్తున్నాన్రా అన్నారండి.”

“నాతోనూ అదే ముక్కన్నాడయ్యా,” అన్నారు వెంకన్నగారు.

గుమ్మంలోంచి అత్తయ్య అంది: “నాకు తప్ప ఊరందరికీ చెప్పారన్నమాట!”

వచ్చినాయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఏకైక శిష్యుణ్ణనుకుని ప్రతి ఆదివారం ఆ కారు తుడిచాను కదా, ద్రోహీ! అయినా అమ్మొద్దని అత్తయ్యతో అనలేకపోయాను. అందుకే పొద్దున్నే, ఆయన రాకముందే, ఇంజన్‌కి కరెంటిచ్చే కాయిల్ వైరు పీకి జేబులో వేసుకున్నాను.

నీకొక్కడికే చెబుతున్నాను.