కజామా పాట ఏ వైపు నుంచి

క్లబ్బు అధ్యక్షులు తొకునాగా గారికి,

మీ ఉత్తరం అందింది. పోయిన మన బేస్‌బాల్ వీరుడు కజామా జ్ఞాపకార్థం శనివారం జరిగే ఆటలో, అతను బ్యాటు పట్టి వచ్చినప్పుడల్లా మా అభిమానుల బూరల బృందం వాయించే పాట మళ్లీ వాయించమన్నారు. తప్పకుండా వాయిస్తాం.

ముసలాడైపోయాడని మీరతన్ని మత్సుయామా జట్టుకు వదిలేశారు. వాళ్ల చొక్కా వేసుకుని అతను మొదటిసారి మన మైదానానికొస్తే ఆ పాట కోసమే మేం బూరలెత్తాం. మీరే మెట్లెక్కి వచ్చి, "వాడిప్పుడు అవతలివాడు. మూసుకుని కూర్చోండి, లేదా బయటికి నడవండి" అన్నారు. ఆట అయ్యాక కజామా కంచె దగ్గరికొచ్చాడు. "ఏమయ్యా, నా పాట అప్పుడే మరిచిపోయారా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

సొంత జట్టు అభిమానులు కుడివైపు, అవతలివాళ్లు ఎడమవైపు కూర్చోవడం మన ఆనవాయితీ కదా. శనివారానికి మా బృందమంతా ఎడమవైపు టికెట్లు కొనుక్కున్నాం. పాట అటునుంచే వస్తుంది. మీరు మైకు పట్టుకుని, కజామా మనవాడని కుడివైపు మేం వదిలిన ఖాళీ కుర్చీలకు చెప్పుకోండి.

ఇట్లు,
మీరు మూసుకోమన్న బూరవాడు