మూడు జానల సందు

ఆదివారం, ఏప్రిల్ 6

అన్నయ్యకు,

ముందు మర్యాదలు. నీకూ వదినకూ నమస్కారాలు, పాపకి ముద్దులు. ఇక్కడ అందరం కులాసా. పదకొండేళ్ళుగా షెడ్డులో పట్టా కప్పుకుని పడుకున్న మన తెరచాప పడవ కూడా కులాసాగానే ఉంది, నా చేతిలో పడ్డాక.

అవును, దాన్ని నేనే బాగుచేస్తున్నాను. నవ్వకు. మొదటిరోజు వడ్రంగి బాబాయి వచ్చి, నాలుగుచోట్ల గోటితో గిచ్చి, దీన్ని పొయ్యిలో పెట్టుకోమ్మా, రెండు నెలలు వంటకి ఇబ్బంది ఉండదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కుళ్ళిన పలకలేవో చూపించు చాలు, మిగతాది నేను చూసుకుంటానన్నాను. ఆరు చూపించాడు. ఆరూ నేనే ఊడదీశాను. కొత్తవాటిని ఆవిరి పట్టి వంచబోతే మొదటి రెండూ ఫెళ్ళున విరిగాయి. మూడోది మాట వింది. ఇప్పుడు ఆయనే రోజూ టీ గ్లాసుతో వచ్చి కూర్చుని, ఆ మేకు కాస్త పక్కకి కొట్టమంటూ సలహాలిస్తున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, వింటున్నాను.

నాన్న మొదట్లో అటు తొంగి కూడా చూడలేదు. పడవ మాటెత్తితే ఆయనకి నువ్వు దాన్ని బండకేసి కొట్టిన రోజే గుర్తొస్తుంది. చుక్కాని నీ చేతిలో ఉంది, అడుగు నుంచి నీళ్ళు తన్నుకొచ్చాయి, ముగ్గురం ఈదుకుంటూ ఒడ్డున పడ్డాం. వీడికి నీళ్ళు అచ్చిరావని ఆయన అందరి ముందూ అన్నారు. నువ్వు తలొంచుకున్నావు. మర్నాడు పడవని లాక్కొచ్చి పట్టా కప్పేశారు, దాని అడుగు ఎవరూ చూడలేదు. నువ్వు మళ్ళీ పడవెక్కలేదు. మొన్న పాప ఎక్కుతానని ఏడ్చినా ఒడ్డునే నిలబడిపోయావట, వదిన చెప్పింది. ఆ మాట విని నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

పై ఆదివారం నీళ్ళలోకి దింపుతున్నాం. పాత నీలం రంగే వేశాను. తెరచాప పెద్దమ్మ కుట్టింది. మిషను సూదులు నాలుగు విరగ్గొట్టి, నన్ను నలభై తిట్లు తిట్టింది. నువ్వు రావాలి. రానని రాస్తావని తెలుసు, అందుకే అసలు సంగతి సంతకం కింద పెడుతున్నాను.

నువ్వు పెట్టిన పేరుతోనే,
నీ చెల్లెలు సుత్తి

తా.క. పాత రంగు గీకి, అడుగంతా ఉప్పు కాగితంతో రుద్దాను. బండ తగిలిన గీత ఒక్కటి లేదు. ఎడమవైపు రెండు పలకల మధ్య మూడు జానల పొడవున సందు మాత్రం నోరు తెరుచుకుని ఉంది. ఏటా పలకల సందుల్లో నీళ్ళు దూరకుండా పేనిన దూది దట్టించి, పైన లప్పం పెట్టి రంగేసేవాళ్ళం, గుర్తుందా? పడవ మునిగిన ఏడాది ఎడమవైపు నా వంతు. చివర్లో దూది అయిపోయింది. కొట్టుదాకా వెళ్ళడానికి బద్ధకించి ఉత్త లప్పం పూసి రంగేశాను. నాన్న చేత్తో తడిమి, నున్నగా ఉందని మెచ్చుకున్నారు. తర్వాత అందరూ బండ అంటే నేనూ నమ్మేశాను.

పడవని ముంచింది నేను అన్నయ్యా. తెలిసి నెలయింది, రాయడానికి ధైర్యం చాలలేదు. నిన్న నాన్నని తీసుకెళ్ళి చూపించాను. ఆ సందులో వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నారు. చుక్కాని దగ్గర చోటు వాడిదేనని రాయి, అన్నారు.

పడవంతా సిద్ధం, ఆ మూడు జానలు తప్ప. శనివారమే రా. కళ్ళారా చూసి, నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టు. ఆ తర్వాతే దూది కొడతాను.